గ్లూటెన్ ఫ్రీ అని కొత్త పేరు పెట్టిన మన పాత కూడు

(ఓర్వకల్లులో జరిగిన ఆదివాసీ యువజనుల సమావేశంలో మాట్లాడిన మాటలకు రాత రూపం. కొన్ని వాక్యాలు సరిచేశాను. యాస మాత్రం చాలావరకు అట్లే ఉంచాను.)

నల్లమల గూడేల నుంచి తెల్లారకముందే బయల్దేరి, రెండు బస్సులు మారి వచ్చిన చెంచు అన్నలకు, అక్కలకు ప్రత్యేకంగా నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం తిండి. పొద్దున బ్యానర్ కడతా ఉంటే ఒక తమ్ముడు అడిగినాడు. "ఏందన్నా, పట్టాల గురించి, సర్టిఫికెట్ల గురించి మాట్లాడాల్సిన చోట వంట గురించి మాట్లాడతావా?" అని. మాట్లాడతాను తమ్ముడూ. పట్టా ఎందుకు కావాలి మనకు? ఆ నేలలో ఏం పండిస్తాం, ఏం వండుకుంటాం, మన పిల్లలు ఏం తింటారు అన్నదానికే కదా. ఇంకో మాట, నేను మొగోణ్ణి. వంట గురించి మాట్లాడటానికి ఆడోళ్లనే పిలవాలని ఏం లేదు. కర్నూలులో డిగ్రీ చదివేటప్పుడు రూములో నలుగురం ఉంటిమి. జొన్నరొట్టె చేయడం అక్కడ నేర్చుకున్నా. మొదటి నెల చేసినవి రొట్టెలు కాదు, పలకలు. అది వేరే కథ.

మొన్న టౌనులో ఒక పెద్ద షాపులో జొన్నపిండి ప్యాకెట్ చూసినా. అందమైన కవరు. మీద ఆకుపచ్చ అక్షరాలతో "గ్లూటెన్ ఫ్రీ" అని రాసుంది. కొర్రలకూ అదే, రాగిపిండికీ అదే. ధర చూస్తే మన తండాలో ఎవరూ కొనలేరు. మన అవ్వలు వందల ఏండ్లు తిన్న కూడు అది. దాన్ని పేదోళ్ల కూడు అని, ముతక ధాన్యం అని మన చేత మాన్పించినారు. సర్కారు కాగితాల్లో కూడా 2018 దాకా దాని పేరు ముతక ధాన్యమే. ఆ ఏడాది గెజిట్‌లో పోషక ధాన్యం అని మార్చినారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది, మన దేశం అడిగితేనే. పేరు మారింది, మర్యాద వచ్చింది, ధర పెరిగింది. మన ప్లేటులోకి మాత్రం తిరిగి రాలేదు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ ప్లేటు గురించి.

ముందు ఈ గ్లూటెన్ ఏందో తెలుసుకుందాం. గోధుమలో, బార్లీలో, రై అనే ఇంకో ధాన్యంలో ఉండే ఒక రకం మాంసకృత్తు అది. గోధుమపిండికి నీళ్లు పోసి పిసికితే రబ్బరు మాదిరి సాగుతుంది చూడండి, ఆ సాగుడుకు కారణం అదే. చపాతీ కర్రతో పల్చగా వచ్చేది, బ్రెడ్డు పొంగేది, పరోటా పొరలు పొరలుగా లేచేది దానివల్లే. జొన్నలో అది లేదు. అందుకే జొన్నరొట్టెకు కర్ర పెడితే పగుల్తుంది. మన అమ్మలు ఏం చేస్తారు? మసిలే నీళ్లు పోస్తారు. వేడికి పిండిలోని గంజి ఉడికి జిగి వస్తుంది. ఆ జిగితోనే అరచేత్తో తట్టి తట్టి రొట్టె చేస్తారు. తండాల్లో మనం బాటి అంటాం. ఆ చప్పుడు వినబడితే పొద్దుగూకిందని తెలిసేది. జొన్న, సజ్జ (మన కర్నూలోళ్లు సద్ద అంటారు), రాగి, కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ, అండుకొర్ర, మొక్కజొన్న, వరి... వీటిల్లో ఏ దాంట్లోనూ గ్లూటెన్ లేదు. పప్పుల్లో లేదు, ఉలవల్లో లేదు, బుడ్డల్లో లేదు, ఆకుకూరల్లో లేదు, నల్లమల గడ్డల్లో లేదు, తేనెలో, ఇప్పపువ్వులో లేదు. మన ఇండ్లలో రోజూ వండుకునే తిండిలో నూటికి తొంభై పాళ్లు గ్లూటెన్ లేని తిండే.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. గ్లూటెన్ విషం కాదు. ఈ గదిలో ఉన్నోళ్లలో దాదాపు అందరికీ గోధుమ పడుతుంది. యూట్యూబ్‌లో ఎవరో చెప్పినారని చపాతీ చూసి భయపడాల్సిన పని లేదు. భయపెట్టి అమ్మేది వ్యాపారం. కానీ కొంతమందికి మాత్రం అది నిజంగా ప్రాణం మీదికి తెస్తుంది. సీలియాక్ అనే జబ్బు ఉన్నోళ్లకు గ్లూటెన్ లోపలికి పోగానే, ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తి తిరగబడి సొంత పేగునే దెబ్బతీస్తుంది. చిన్నపేగు లోపల సన్నని వేళ్ల మాదిరి ఉండే కణజాలం తిండిలోని సారాన్ని పీల్చుకుంటుంది. ఆ వేళ్లు అరిగి చదునైపోతాయి. ఇంక ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపు ఉబ్బరం, రక్తం తక్కువ, పిల్లలైతే ఎదుగుదల ఆగిపోవడం. దీనికి గోధుమకు సంబంధం ఉందని తేల్చింది డికె అనే డచ్ పిల్లల డాక్టరు. 1950లో ఆయన తన పరిశోధన ప్రచురించినాడు. ఈ రోజుకీ దానికి మాత్ర లేదు. గ్లూటెన్ లేని తిండి, అదీ జీవితాంతం, అదొక్కటే మందు.

మన దేశంలో ఎంతమందికి ఉంది? 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ జబ్బు ఆనవాళ్లు (రక్తంలో యాంటీబాడీలు) ఉత్తరాదిన నూటికి 1.2 మందికి, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి కనబడినాయి. ఆ జబ్బుకు తావిచ్చే జన్యువులు మనోళ్లలో తక్కువేం కాదు. తక్కువ తింటున్నది గోధుమ. ఆ అధ్యయనంలో ఉత్తరాది మనిషి సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ తింటే, దక్షిణాది మనిషి 25 గ్రాములు తింటున్నాడు. అంటే ఏంది? మన తిండి ఇన్నాళ్లు మనకు తెలియకుండానే ఎందరినో కాపాడుతూ వచ్చి ఉండొచ్చు. ఇప్పుడు పొద్దున గోధుమరవ్వ ఉప్మా, సాయంత్రం బిస్కెట్టు, రాత్రి చపాతీ వచ్చినాక ఆ కాపు తగ్గుతోంది. ఇది నా ఆలోచన, డాక్టర్ల తీర్పు కాదు. అయినా గట్టిగా ఆలోచించాల్సిన సంగతి.

వెయ్యికి ఒకరే కదా అనుకోవద్దు. ఆ ఒకరు మన తండా పిల్ల కావచ్చు. నాకు చెల్లెలు వరసయ్యే ఒకమ్మాయి ఉంది. పేరు చెప్పను, ఆమె వద్దంది. ఇంట్లో ఉన్నన్నాళ్లు బానే ఉండేది. హాస్టల్లో చేరినాక రెండేండ్లు కడుపు సరిగా లేదు. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు ఇస్తానే ఉన్నారు, రక్తం పెరగలే. సెలవులకు ఇంటికొస్తే నెల తిరిగేసరికి మొహం తేటపడేది, మళ్లీ పోతే మళ్లీ అదే. ఇంట్లో దిష్టి అన్నారు. హాస్టల్లో "తినదు, అందుకే సన్నగా ఉంది" అన్నారు. "మీవోళ్లంతా ఇట్లే ఉంటారు కదా" అన్నోళ్లు కూడా ఉన్నారు. ఆ మాట ఆమె ఇప్పటికీ మర్చిపోలే. చివరికి ఒక డాక్టరమ్మ ఓపిగ్గా అడిగింది, ఇంట్లో ఏం తింటావు, హాస్టల్లో ఏం తింటావు అని. అక్కడ దొరికింది. రక్తపరీక్ష చేసినారు, గొట్టమేసి పేగులో ముక్క తీసి చూసినారు. సీలియాక్ అని తేలింది.

జబ్బు తెలిసినాక అయినా సుఖపడిందా? లేదు. ఆ హాస్టల్లో వారానికి నాలుగు పొద్దులు గోధుమదే టిఫిన్. ఉప్మా, పూరి, చపాతీ, సేమియా. ఒక్క పిల్ల కోసం వేరే వండలేమన్నారు. ఆమె ఏమన్నా బాదంపప్పులు అడిగిందా? రాగిసంగటి అడిగింది. వాళ్ల యాడి ఇంట్లో చేసే జొన్నబాటి అడిగింది. అది దొరక్క ఒక చదువు సంవత్సరం పోయింది. ఈ ఏడు టౌనులో రూము తీసుకొని, ఇద్దరు స్నేహితురాండ్లతో వండుకుంటా చదువుతోంది. ఈ మీటింగుకు రమ్మంటే పరీక్షలన్నది. మంచిదే.

ఇంకో సంగతి, ఇది రాసుకోండి. మీకో మీ ఇంట్లోనో ఇట్లాంటి అనుమానం ఉంటే ముందే గోధుమ మానేయొద్దు. మానేసి పరీక్షకు పోతే రక్తంలో ఆనవాలు తగ్గిపోయి జబ్బు బయటపడకపోవచ్చు. తింటా ఉండగానే డాక్టర్ దగ్గరికి పోవాలి. మాత్రలు వేసుకున్నా రక్తం పెరగని పిల్లలుంటే "సీలియాక్ పరీక్ష చేస్తారా" అని అడగండి. మన వైపు తక్కువ కాబట్టి చాలామందికి ఆ ఆలోచనే రాదు. అడిగే హక్కు మనకుంది.

ఈ సీమలో కూడు ఎట్ల మారిందో కొంచెం చూద్దాం. మన చుట్టూ ఉన్న నేల చూడండి. ఓర్వకల్లు రాళ్ల తోటకు టూరిస్టులు ఫొటోలకు వస్తారు. ఆ రాళ్ల నడుమ నేలలో వానకు ఆధారపడి పండేది కొర్ర, జొన్న, సద్ద, ఆముదం, కంది. కొర్ర 80, 90 రోజుల్లో కోతకొస్తుంది. రెండు మంచి వానలు పడితే చాలు, ఇంట్లోకి గింజలు వస్తాయి. 1876లో వచ్చిన ధాత కరువులో దేశం మొత్తంలో ఘోరంగా నష్టపోయిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. అట్లాంటి కరువుల్లో అడవి గడ్డలు, ఆకులు తెలిసినోళ్లకు ఆ తెలివే అక్కరకొచ్చింది. తర్వాత కేసీ కాలువ కింద వరి పెరిగింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ పథకాన్ని నేను తిట్టను. ఆకలితో పడుకునే ఇండ్లల్లో పొయ్యి వెలిగించింది అది. మా నాయన తరం ఆ బియ్యం తినే పెరిగింది. 2023 జనవరి నుంచి రేషన్ బియ్యం పూర్తిగా ఉచితం. ఉచితంగా బియ్యం వస్తుంటే, కష్టపడి కొర్ర పండించి, దంచుకొని ఎవరు తింటారు?

దంచుకొని అన్నాను కదా, అక్కడ ఆగుదాం. దీని గురించి చిరుధాన్యాల సభల్లో ఎవరూ మాట్లాడరు. జొన్న, సద్ద, రాగి, ఇవి పొట్టు లేని గింజలు. నేరుగా మిషన్లో పోస్తే పిండి వస్తుంది. కొర్ర, సామ, అరిక, ఊద అట్ల కాదు. గట్టి పొట్టు ఉంటుంది. రోట్లో పోసి రోకలితో దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. ఇంట్లో పది మందికి కొర్రబువ్వ కావాలంటే తెల్లారి మూడింటికి లేచేది ఆడోళ్లు. మా అవ్వ అరచేతులు చూస్తే తెలిసేది. బియ్యం వచ్చినాక ఆమె "బతికిపోయినాం రా" అని ఉంటుంది. ఆమెను తప్పు పట్టే హక్కు మనకు లేదు. "మన సంప్రదాయ తిండికి తిరిగిపోదాం" అని మైకులో చెప్పే మొగోళ్లు ముందు రోకలి పట్టాలి. లేదా పొట్టు తీసే మిషన్ తేవాలి. నాకు రెండోది నచ్చుతుంది. అందుకే మన మొదటి డిమాండ్ మిషన్. తండాలకు, గూడేలకు అందుబాటులో, మహిళా సంఘాల చేతిలో. ఓర్వకల్లు పొదుపు లక్ష్మి ఐక్య సంఘం పేరు వినని వాళ్లు ఈ జిల్లాలో ఉండరు. రూపాయి రూపాయి పొదుపు చేసి బడి నడిపే దాకా వచ్చిన ఆడోళ్లు ఉన్న మండలం ఇది. మిషన్ నడపలేరా?

ఇప్పుడు వంటకొస్తా. రూములో ఉండి చదివే వాళ్ల కోసం చెప్తున్నా, గ్యాస్ స్టవ్ ఒకటి, రెండు గిన్నెలు చాలు.

పొద్దున ఉగ్గాని. కర్నూలోళ్లకు చెప్పాల్నా? బొరుగులు నీళ్లలో వేసి వెంటనే పిండేయాలి, ఎక్కువసేపు ఉంచితే ముద్దయిపోతాయి. ఉల్లిగడ్డ, పచ్చిమిరప, కరివేపాకు వేయించి, పసుపు వేసి, బొరుగులు కలిపి, పుట్నాలపప్పు ఎండుకొబ్బరి పొడి చల్లితే పది నిమిషాల పని. బొరుగులు వరివి, పుట్నాలు శనగవి. గోధుమ పొడ లేదు. పక్కన బజ్జి మాత్రం శనగపిండిదే అయినా, అదే నూనెలో మైదా బోండాలు వేస్తుంటే సీలియాక్ ఉన్నోళ్లు తినకూడదు.

ఎండాకాలం అంబలి. రాత్రి రాగిపిండి నీళ్లలో కలిపి పెట్టేయండి. మట్టికుండ ఉంటే మంచిది, లేకుంటే స్టీలు గిన్నె. పొద్దున కొంచెం పులిసి ఉంటుంది. మసిలే నీళ్లలో పోసి, ఉండలు కట్టకుండా తిప్పుతా ఉడికించాలి. చల్లారినాక మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిగడ్డ. రాగిలో కాల్షియం వంద గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. తెల్లబియ్యంలో పదో పరకో. పులియబెడితే అందులోని ఇనుము, కాల్షియం ఒంటికి ఇంకా బాగా పడతాయి. దీన్నే తెలంగాణలో తైదలు అంటారు, పాడేరు, అరకు వైపు మనోళ్లు చోళ్లు అంటారు. పేరు ఏదైనా కుండ ఒకటే.

మధ్యాహ్నం సంగటి. ఒక గ్లాసు నూకలు మెత్తగా ఉడికించి, మీద రాగిపిండి కుప్పగా పోసి, నడుమ తెడ్డుతో బొక్క పెట్టి, మూతపెట్టి, సన్నమంట మీద వదిలేయండి. తొందరపడి తిప్పితే పచ్చివాసన వస్తుంది. పిండి ఆవిరికి మగ్గినాక గట్టిగా తిప్పాలి. చెయ్యి తడి చేసుకొని ముద్ద కట్టాలి. దాంట్లోకి చికెన్ ఉండాల్సిన పని లేదు. ఉలవచారు, గోంగూర, లేకుంటే ఊరిబిండి. బుడ్డలు వేయించి, ఎండుమిరప, చింతపండు, ఉప్పు, ఎల్లిపాయ వేసి బరకగా నూరుకుంటే అయిపోయింది. వానాకాలంలో చేన్లో గట్ల మీద గురుగాకు, చెంచలాకు మొలుస్తాయి. కలుపు అని మందు కొట్టి చంపుతున్నాం. పప్పులో వేస్తే ఆ రోజు కూర ఖర్చు లేదు.

రాత్రి రొట్టె. పిండి కొత్తగా పట్టించింది ఉండాలి, పాతబడితే జిగి పోతుంది. నీళ్లు మసలాలి, గోరువెచ్చగా ఉంటే పనికిరాదు. ఒకేసారి పిండంతా కలపొద్దు, రొట్టెకు రొట్టె కలుపుకుంటా, చేతి మడమతో బాగా మర్దన చేయాలి. పెనం మీద వేసినాక పైన తడిబట్టతో తుడవాలి, లేకుంటే పగుళ్లు వస్తాయి. మొదటి వారం పలకలే వస్తాయి, నావి నెల వచ్చినాయి. రొట్టె రాని రోజు కొర్రన్నం. రెండు గంటలు నానబెట్టి, ఒక గ్లాసుకు రెండున్నర గ్లాసులు నీళ్లు. షాపులో కొర్రబియ్యం కొనేటప్పుడు మరీ తెల్లగా మెరిసేవి కొనొద్దు. అంత పాలిష్ పట్టినాక దానికీ తెల్లబియ్యానికీ పెద్ద తేడా ఉండదు.

సీలియాక్ ఉన్నోళ్లు మాత్రం ఇంకొంచెం జాగ్రత్త. గోధుమ కనబడే చోట కంటే కనబడని చోటనే ప్రమాదం. ఇంగువ తీసుకోండి. అచ్చమైన ఇంగువ చాలా ఘాటు, దాన్ని డబ్బాల్లో అమ్మేటప్పుడు చాలా కంపెనీలు మైదానో గోధుమపిండో కలుపుతాయి. డబ్బా వెనక చదివితే రాసుంటుంది. చారులో చిటికెడే కదా అనుకుంటాం. ఆ చిటికెడే పేగును మళ్లీ మంట పెడుతుంది. ఎగ్‌రైస్ బండి దగ్గర అన్నం వరిదే, సోయాసాస్‌లో మాత్రం మామూలుగా గోధుమ ఉంటుంది. పిల్లలకు పాలలో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ. రాగి బిస్కెట్టు అని అమ్మే దాంట్లో చాలాసార్లు మొదట రాసేది మైదా, రాగి ఎక్కడో చివర. మల్టీగ్రెయిన్ పిండి అంటే అందులో గోధుమే ఎక్కువ. ఇంక పిండి మిషన్. ముందు ఎవరో గోధుమలు పట్టించి పోతారు, ఆ వెనకే మన జొన్నలు పోస్తే గోధుమపిండి కలిసే వస్తుంది. ఆహార భద్రతా సంస్థ లెక్క ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. మిషన్‌లో అంటుకున్న పిండి ఆ లెక్కను ఎప్పుడో దాటిపోతుంది. బియ్యమో జొన్నలో పట్టించినోళ్ల తర్వాత పట్టించుకోండి, మొదటి రెండు కిలోలు వేరే తీసి ఇంట్లో మిగతావాళ్లకు వాడండి. మన చెల్లెలు ఇప్పుడు అట్లే చేస్తోంది.

ఇంకొకటి చెప్పకపోతే తప్పు. చిరుధాన్యాలు మందు కాదు. ప్రొద్దుటూరు మూలాలున్న ఖాదర్ వలి గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మాటలు విని మన సీమలో వేలమంది కొర్రల వైపు చూసినారు, అది మంచిదే. కానీ ఆ పేరుతో వాట్సాప్‌లో తిరిగే "ఈ కషాయం తాగితే షుగర్ మాత్రలు అక్కర్లేదు" అనే మాటలు నమ్మి మాత్రలు ఆపొద్దు. 1960ల్లో హైదరాబాద్ పోషకాహార శాస్త్రవేత్తలు ఒక సంగతి గమనించినారు. జొన్న తప్ప వేరేది దొరకని పేదోళ్లలో పెల్లగ్రా అనే చర్మం జబ్బు వస్తోంది. జొన్న చెడ్డదని కాదు. ఏదైనా ఒక్కటే తింటే చాలదని. మన అవ్వలు రొట్టెతో పాటు పప్పు, ఆకుకూర, మజ్జిగ ఎందుకు పెట్టినారో అక్కడ అర్థమైతుంది. పేదరికం ఆ పక్కనున్నవి లాక్కుంటుంది, రొట్టె మాత్రమే మిగులుస్తుంది.

సరే, ఇంక మన డిమాండ్ల సంగతి. 2013 ఆహార భద్రతా చట్టంలోనే బియ్యం, గోధుమలతో పాటు చిరుధాన్యాలు ఇవ్వొచ్చని ఉంది. మనకు ఎక్కువగా వచ్చేది బియ్యమే. ఒడిశాలో 2017లో ఆదివాసీ జిల్లాల నుంచే మిల్లెట్ మిషన్ మొదలుపెట్టినారు. సర్కారే రైతుల దగ్గర రాగులు కొంటుంది, అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూ పెడుతుంది. మన దగ్గర 2023 మార్చిలో బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలైంది. బడిలో సాధ్యమైంది హాస్టల్లో ఎందుకు సాధ్యం కాదు? వారానికి నాలుగు పొద్దులు గోధుమరవ్వ పెట్టగలిగినోళ్లు రెండు పొద్దులు సంగటో, ఉగ్గానో పెట్టలేరా? పిల్లకు సీలియాక్ అని డాక్టర్ రాసిస్తే ఆ పిల్లకు వేరే గిన్నె, వేరే ప్లేటు ఇవ్వాలి. ఇది దయ కాదు. కాలు లేని పిల్లకు ర్యాంపు కట్టినట్టే ఇదీ.

ధర సంగతి. కేంద్రం ప్రకటించే మద్దతు ధరల పట్టికలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి. కొర్ర లేదు. మన నంద్యాల పరిశోధన కేంద్రం సూర్యనంది లాంటి కొర్ర రకాలు దేశానికి ఇచ్చింది. విత్తనం మన సీమ నుంచి పోతుంది, పంటకు మద్దతు ధర లేదు. షాపులో ప్యాకెట్ ధర చూసి రైతు బాగుపడుతున్నాడు అనుకోవద్దు.

నేల సంగతి ఇంకా పెద్దది. ఈ చుట్టుపక్కలనే గని, శకునాల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. విమానాశ్రయం వచ్చింది. 2024 ఆగస్టులో ఓర్వకల్లు పారిశ్రామిక నోడ్‌కు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది, అది 2,600 ఎకరాలకు పైగా. నేను కరెంటుకు, ఉద్యోగాలకు వ్యతిరేకం కాదు, మనలో చాలామందికి ఉద్యోగమే కావాలి. కానీ కాగితం మీద బంజరు అని రాసినంత మాత్రాన అది ఖాళీ నేల కాదు. అక్కడ మేకలు మేస్తాయి, ఆకులు మొలుస్తాయి, కౌలుకు జొన్న వేసుకునే వాళ్లుంటారు. సీమలో మన తండాలు, గూడేలు ఐదో షెడ్యూల్‌లో లేవు. అందుకే మన్యంలో మన అన్నదమ్ములకు ఉన్న భూమి చట్టాల అండ మనకు లేదు. అడవిలో ఉన్న చెంచులకు మాత్రం 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. గడ్డలు, తేనె, చింతపండు సేకరించుకునే హక్కు, అమ్ముకునే హక్కు అందులో రాసుంది. ఆదిమ తెగలకు ఆవాస హక్కు కూడా ఉంది. టైగర్ రిజర్వ్ అని చెప్పి గడ్డలు తవ్వే గునపం లాక్కుంటే, లాక్కునేది గునపం కాదు, మధ్యాహ్నం కూడు. నల్లమల నుంచి వచ్చిన అక్కలు దీని గురించి భోజనం తర్వాత మాట్లాడతారు, నాకంటే వాళ్లకే బాగా తెలుసు.

మధ్యప్రదేశ్ డిండోరి జిల్లాలో లహరీ బాయి అని బైగా ఆదివాసీ అమ్మాయి ఉంది. మన వయసే. ఊరూరా తిరిగి చిరుధాన్యాల విత్తనాలు అడిగి తెచ్చి, ఇంట్లో ఒక గదిలో మట్టి గాదెల్లో దాచింది. అడిగినోళ్లకు విత్తనం ఇస్తుంది, పంట వచ్చినాక తిరిగి విత్తనమే తీసుకుంటుంది. ఆమెకు పెద్ద డిగ్రీలు లేవు. మనం డిగ్రీలు చేసినాం, మన తండాలో పచ్చజొన్న విత్తనం ఎవరి దగ్గర ఉందో మనలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తమని అడగను. పోయి మీ అవ్వను అడగండి. ఉట్టి మీదనో, బూడిద కలిపిన కుండలోనో ఇంకా ఉంటే గుప్పెడు తీసుకొని రండి. వచ్చే మీటింగుకు అదే మన చందా.

ఇంక టైమ్ అయింది, వంట దగ్గర్నుంచి సైగ చేస్తున్నారు. ఈ రోజు భోజనం జొన్నరొట్టె, కొర్రన్నం, గోంగూర పప్పు, ఊరిబిండి, మజ్జిగ. ఇంగువ వేయలేదు. రొట్టెలు చేసింది ఆడోళ్లు ముగ్గురు, మొగోళ్లు ఇద్దరు. గుండ్రంగా లేనివి ఎవరు చేసినారో అడగొద్దు. హాస్టళ్లలో ఉండే తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ వారం మెనూ ఒక కాగితం మీద రాసి, పోయే ముందు తలుపు దగ్గర డబ్బాలో వేయండి. పేర్లు రాయాల్సిన పని లేదు, ఏ పొద్దు ఏం పెడుతున్నారో రాస్తే చాలు. అన్నీ కలిపి పట్టిక చేసి, సోమవారం కలెక్టరేట్‌లో ఇస్తాం. వచ్చేవాళ్లు పది గంటలకల్లా బస్టాండ్ దగ్గర ఉండండి.